మచ్చు తేయాకు: టపాలో నడిచిన ఒక చరిత్ర

మచ్చు అన్నా నమూనా అన్నా ఒకటే. ధాన్యపు వర్తకుడు బస్తాలో గుచ్చి గుప్పెడు గింజలు తీసి చూస్తాడు. వైద్యుడు ఒక బొట్టు రక్తం తీసి పరీక్షకు పంపుతాడు. కొంచెం చూసి మొత్తాన్ని తెలుసుకోవడమే రెండింటి ఉద్దేశం. అయితే ఆ కొంచెం సక్రమంగా తీసినదై, సక్రమంగా కట్టినదై, దానిపై పేరు సక్రమంగా రాసినదై ఉండాలి. లేకపోతే ఫలితం మనల్ని దారి తప్పిస్తుంది.

తేయాకు ప్రియులు చిన్న చిన్న పొట్లాలను టపాలో ఒకరికొకరు పంపుకొని, రుచి చూసి, తమ అభిప్రాయాలను రాసుకొనే అలవాటు నేడు అనేక దేశాలలో ఉంది. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో విశ్రాంత జీవితం గడుపుతున్న వారికి ఇది ఖర్చు తక్కువ, కాలక్షేపం ఎక్కువ గల వ్యాపకం. కాని ఇది కేవలం కాలక్షేపంగా పుట్టిన పద్ధతి కాదు. భారతదేశంలో తేయాకు పరిశ్రమ పుట్టుకే ఒక మచ్చు పొట్లంతో ముడిపడి ఉంది. ఆ చరిత్రలో వైద్యుల పాత్ర పెద్దది, మన ఉత్తరాంధ్ర ప్రజల చెమట అంతకంటె పెద్దది.

మన తీరాన మచ్చులు పంపుకొన్న వైద్యులు

తేయాకు కథకు ముందు, మన తీరంలోనే జరిగిన ఒక ముచ్చట చెప్పుకోవాలి. 18వ శతాబ్దం చివరి పాదంలో కోరమాండల్ తీరం పొడవునా కొందరు వైద్యులు మొక్కలను, గింజలను, జంతువులను సేకరించి ఒకరికొకరు పంపుకొనేవారు. వారిలో యోహాన్ కోనిగ్ ముఖ్యుడు. లిన్నేయస్ వద్ద చదువుకొని, 1768లో తరంగంబాడిలోని డేనిష్ మిషన్‌కు వైద్యుడిగా వచ్చాడు. విలియం రాక్స్‌బర్గ్ సామర్లకోటలో తోట పెంచాడు. ప్యాట్రిక్ రస్సెల్ 1781లో తన సోదరుని వెంట ఈ దేశానికి వచ్చి విశాఖపట్నంలో నివసించాడు. ముగ్గురూ వైద్యులే. కోనిగ్ 1785లో కాకినాడ చెంతనున్న జగన్నాథపురంలో మరణించగా, అతడు చూస్తున్న కంపెనీ ఉద్యోగం రస్సెల్‌కు వచ్చింది.

రస్సెల్ విశాఖ చుట్టుపక్కల నుంచి తెప్పించుకొన్న పాములను, వాటి స్థానిక నామాలతో సహా నమోదు చేశాడు. 1796లో వెలువడిన అతని గ్రంథంలో రక్తపింజరికి మనవారు చెప్పిన 'కాటుక రేకుల పొడ' అనే పేరు ఉంది. ఏ పాము విషపుదో, ఏది కాదో తేల్చడమే అతని ప్రధానాశయం. పాము కాటుకు ప్రాణాలు పోతున్న ప్రాంతంలో ఆ తేడా తెలియడం ఎంత అవసరమో వేరే చెప్పనక్కరలేదు. రాక్స్‌బర్గ్ కూడా అదే విధంగా మొక్కల చిత్రాలను, వాటి తెలుగు పేర్లను లండన్‌కు పంపాడు. 1795 నుంచి 1820 వరకు మూడు సంపుటాలుగా వెలువడిన ఆ కోరమాండల్ మొక్కల గ్రంథానికి ముందుమాట రాసినది రస్సెలే.

1793లో రాక్స్‌బర్గ్ కలకత్తా వృక్షోద్యానానికి అధిపతిగా వెళ్లాడు. నాలుగు దశాబ్దాల తరువాత అస్సాం తేయాకు మచ్చు పరీక్షకు చేరినది ఆ ఉద్యానానికే.

పువ్వూ కాయా లేని మచ్చు

తేయాకును అప్పటి ఐరోపా చైనా నుంచే కొనేది. అస్సాం కొండలలోని సింగ్‌ఫో ప్రజలు మాత్రం తరతరాలుగా తేయాకును వెదురు గొట్టాలలో దట్టించి, పొగపై ఆరబెట్టి, కాచుకొని తాగేవారు. 1823లో రాబర్ట్ బ్రూస్ అనే స్కాట్లండు దేశస్థుడు సింగ్‌ఫో నాయకుడైన బీసా గామ్ ద్వారా ఈ మొక్కను గురించి తెలుసుకొన్నాడు. అతడు మరుసటి ఏడే మరణించాడు. అతని సోదరుడు చార్లెస్ బ్రూస్ మొక్కలను, గింజలను సంపాదించి డేవిడ్ స్కాట్ అనే అధికారికి ఇచ్చాడు. స్కాట్ ఆకులను కలకత్తాకు పంపాడు.

కలకత్తా ఉద్యానాన్ని అప్పుడు చూస్తున్నవాడు నథానియల్ వాలిక్. డెన్మార్కు దేశపు శస్త్రవైద్యుడు. ఆకులను చూసి, ఇది కమేలియా జాతి మొక్కే కాని నిజమైన తేయాకు అనడానికి ఆధారం చాలదన్నాడు. విషయం దాదాపు ఎనిమిదేళ్లు మూలబడింది.

1833 చార్టర్ చట్టంతో చైనా వ్యాపారంపై కంపెనీ గుత్తాధిపత్యం పోయింది. వెంటనే 1834 జనవరిలో గవర్నర్ జనరల్ బెంటింక్ తేయాకు కమిటీని ఏర్పాటు చేశాడు. వాలిక్ కూడా అందులో సభ్యుడే. మార్చి నెలలో ఆ కమిటీ ఒక లేఖను అధికారులందరికీ పంపింది. మీ ప్రాంతపు నేల ఏది, ఎత్తు ఎంత, వర్షం ఎలా పడుతుంది, తేయాకు పెరిగే అవకాశం ఉన్నదా అన్నవి ప్రశ్నలు. మచ్చుల మార్పిడిని నిర్వహించే వ్యక్తి నేడు సభ్యులకు పంపే లేఖ వంటిదే అది.

అస్సాం నుంచి కెప్టెన్ జెంకిన్స్, లెఫ్టినెంట్ చార్ల్‌టన్ మే నెలలో జవాబు రాశారు. మొక్క ఇక్కడే అడవిలో పెరుగుతోందన్నారు. కమిటీ ఈసారి మాటతోనూ, ఆకుతోనూ తృప్తి పడలేదు. కాయ కావాలని కోరింది. నవంబరులో కాయలు, గింజలు, ఆకులతో కూడిన మచ్చు కలకత్తా చేరింది. 1834 డిసెంబరు 24న, తేయాకు అస్సాంలో స్వతస్సిద్ధంగా పెరిగే మొక్కేనని కమిటీ ప్రకటించింది.

ఇందులో వైద్యులకు తెలిసిన పాఠం ఒకటి ఉంది. కఫానికి బదులు ఉమ్ము పంపితే క్షయ దొరకదు. దొరకలేదు కనుక క్షయ లేదనుకొంటే రోగి నష్టపోతాడు. మొదటి సారి తప్పిపోయినది పరీక్షకుని జ్ఞానం కాదు, మచ్చు అసంపూర్ణం. వాలిక్ తొందరపడి అవునని అనకపోవడం శాస్త్రరీత్యా సరియే. కాని కాయ పంపమని ఆనాడే గట్టిగా అడిగి ఉంటే ఎనిమిదేళ్లు వృథా అయ్యేవి కావు. ఇంకొక మాట. తొలి మచ్చు ఇచ్చిన బీసా గామ్‌ను, అతని ప్రజలను చరిత్ర చివరి వరుసలో కూర్చోబెట్టింది. పతకాలు దొరలకే వచ్చాయి.

కావడి నుంచి గాజు పెట్టె దాకా

ఆనాటి టపాను మనుషులే మోసేవారు. ఉత్తరాలు పరుగు బంట్రోతుల భుజాన పోతే, బరువైన కట్టలు కావడిలో పోయేవి. ఆ కావడికి హిందుస్తానీలో బంగీ అని పేరు. పార్సెలుకు మన తెలుగులో బంగీ అనే మాట అలా స్థిరపడింది. 1854 అక్టోబరులో దేశమంతటికీ ఒకే రేటు వచ్చింది. పావు తులం ఉత్తరం ఎంత దూరం పోయినా అర్ధణా చాలు. 1877లో వి.పి.పి. పద్ధతి ప్రవేశించి, సరుకు చేతికి అందాకనే డబ్బు చెల్లించే సౌకర్యం కలిగింది. దూరపు అంగడి సరుకును చిన్న ఊరివాడు కూడా తెప్పించుకొని చూడగలిగాడు.

ప్రాణం ఉన్న మచ్చును పంపడం మరింత కష్టం. 1830ల మధ్యలో చైనా గింజల నుంచి కలకత్తాలో మొలిపించిన సుమారు 42,000 మొక్కలను అస్సాంకు, హిమాలయ ప్రాంతాలకు పంచారు. వాటిలో రమారమి 2,000 మద్రాసు రాజధానికి వచ్చాయి, చాలావరకు చనిపోయాయి. ఈ చిక్కును విడదీసినవాడు కూడా ఒక వైద్యుడే. లండన్‌లో వైద్యం చేసే నథానియల్ వార్డ్, మూసిన గాజు పెట్టెలో మొక్క తన తేమతోనే చాలాకాలం బతుకుతుందని గమనించాడు. 1848లో చైనాకు వెళ్లిన రాబర్ట్ ఫార్చ్యూన్ తేయాకు మొక్కలను, గింజలను ఆ వార్డ్ పెట్టెలలోనే భారతదేశానికి చేర్చాడు.

ఇంతలో అస్సాం ఆకు తన సత్తా చూపింది. చార్లెస్ బ్రూస్ తయారు చేయించిన తేయాకు 8 పెట్టెలు లండన్ చేరి, 1839 జనవరి 10న వేలానికి వచ్చాయి. 1861 డిసెంబరు 27న కలకత్తాలోనే తేయాకు వేలం మొదలైంది. వేలానికి ముందు బ్రోకర్లు కొనుగోలుదారులకు మచ్చులు పంపడం, వారు రుచి చూసి ధర నిర్ణయించుకోవడం నేటికీ ఆ వ్యాపారానికి మూలం.

రంగు పూసిన మచ్చు

ఫార్చ్యూన్ చైనా కర్మాగారాలలో చూసిన దృశ్యం వైద్య చరిత్రకు కూడా ముఖ్యమైనది. విదేశాలకు పంపే ఆకుపచ్చ తేయాకుకు మంచి రంగు రావడానికి అక్కడివారు ప్రష్యన్ నీలి రంగును, జిప్సం పొడిని కలిపేవారు. అతడు ఆ రంగుల మచ్చులను లండన్‌కు పంపగా, 1851 మహా ప్రదర్శనలో వాటిని జనం చూశారు. అదే సంవత్సరం ఆర్థర్ హిల్ హాసల్ అనే వైద్యుడు లండన్ అంగళ్లలో కొన్న ఆహార పదార్థాలను సూక్ష్మదర్శినితో పరీక్షించి, ఫలితాలను లాన్సెట్ పత్రికలో ప్రచురించడం ప్రారంభించాడు. తేయాకు కూడా ఆ జాబితాలో ఉంది. అమ్మినవారి పేర్లతో సహా బయటపెట్టడం వలన పెద్ద కలకలం రేగి, 1860లో బ్రిటన్‌లో ఆహార కల్తీ నిరోధానికి తొలి చట్టం వచ్చింది. నేడు మన ఆహార భద్రతాధికారి నమూనా తీసి, సీలు వేసి, ప్రయోగశాలకు పంపే పద్ధతికి వంశమూలం ఇది.

మన జిల్లాల నుంచి తోటలకు

తేయాకు మచ్చు కలకత్తాకు, లండన్‌కు నడిచిన కాలంలోనే మరొక ప్రయాణం మొదలైంది. అది మనుషులది. ఆనాడు శ్రీకాకుళం గంజాం జిల్లాలో, విజయనగరం విశాఖపట్నం జిల్లాలో ఉండేవి. కరవులు, అప్పులు, భూమి లేకపోవడం వలన ఈ రెండు జిల్లాల ప్రజలు వలస పోయారు. ఎక్కువ మంది ఓడలెక్కి రంగూన్ వెళ్లారు. మరికొందరు అస్సాం తోటలకు వెళ్లారు. 1890లలో తూర్పు తీరపు రైలు మార్గం వేసిన తరువాత ఈ ప్రయాణం సులువైంది. కలకత్తా మీదుగా గోవాలందో చేరి, అక్కడి నుంచి స్టీమరులో బ్రహ్మపుత్ర మీద ఎదురు ప్రయాణం.

కూలీలను పోగుచేసేవారు ఇద్దరు. ఒకడు ఆర్కాటీ, దళారి. రెండవవాడు సర్దారు, అంటే తోటలో పనిచేస్తూ సొంత ఊరికి వచ్చి బంధుమిత్రులను తీసుకుపోయేవాడు. తేయాకు వ్యాపారి సరుకు కొనే ముందు మచ్చు చూస్తాడు. కూలివానికి మాత్రం ముందుగా చూసుకోవడానికి మచ్చు ఏదీ లేదు. విన్నది ఒక మాట, వేసినది ఒక వేలిముద్ర. 1859 నాటి ఒప్పంద భంగ చట్టం, 1882, 1901 సంవత్సరాల వలస చట్టాలు తోటల యజమానులకే ఎక్కువ బలమిచ్చాయి. పని మానినవాడు నేరస్థుడయ్యే రోజులవి. 1929లో నియమితమైన రాయల్ లేబర్ కమిషన్ ఈ నియామక పద్ధతిని విచారించగా, 1932లో కొత్త వలస చట్టం వచ్చి, కూలికి తిరుగు ప్రయాణపు హక్కును ఇచ్చింది. నేటికీ అస్సాం తేయాకు తెగలలో 'తెలంగా' అనే పేరుతో మనవారి సంతతి ఉన్నది. సవరల సంతతి కూడా ఉన్నది.

ఆ తోటలలో మనుషులను తిన్న జబ్బులలో కాలా ఆజార్ ఒకటి. జ్వరం, ప్లీహం వాపు, ఒళ్లు నల్లబడటం, చివరికి మరణం. దాని మూలం తెలిసినది కూడా టపాలో పంపిన మచ్చు వలననే. 1903లో మద్రాసు జనరల్ ఆసుపత్రిలో పనిచేస్తున్న చార్ల్స్ డోనోవన్ రోగి ప్లీహం నుంచి తీసిన స్లైడులలో వింత కణాలను చూశాడు. అదే సంవత్సరం ఇంగ్లండులో విలియం లీష్‌మన్ ఇటువంటివే ప్రకటించాడు. డోనోవన్ తన స్లైడులను పారిస్‌లోని లావెరాన్‌కు, రోనాల్డ్ రాస్‌కు పంపాడు. ఇది కొత్త జీవి అని రాస్ నిర్ధారించి, ఇద్దరి పేర్లూ కలిపి లీష్మానియా డోనోవని అని నామకరణం చేశాడు. తరువాత కలకత్తాలో ఉపేంద్రనాథ్ బ్రహ్మచారి కనుగొన్న యూరియా స్టిబమీన్ అసంఖ్యాకుల ప్రాణాలు నిలిపింది. ఒక గాజు పలక టపాలో చేసిన ప్రయాణానికి ఉన్న విలువ అది.

మరొక ముప్పు నేటికీ పోలేదు. తోటలలో పని చోట కూలీలకు ఉప్పు వేసిన తేనీరు ఇచ్చే ఆచారం ఉంది. ఎండలో చెమటోడ్చేవారికి మంచిదని మొదలైన అలవాటు ఇంటి అలవాటుగా మారింది. అస్సాం తోటల కార్మికులలో రక్తపోటు చాలా ఎక్కువగా ఉన్నదని, అధిక ఉప్పు అందుకు ఒక కారణమని దిబ్రూగఢ్‌లోని వైద్య పరిశోధకులు చూపారు. రోజుకు 5 గ్రాములకు మించి ఉప్పు వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన ఇళ్లలో తేనీటిలో ఉప్పు వేయము, నిజమే. కాని పక్కన పెట్టుకొనే జంతికలు, కారప్పూస సంగతి ఆలోచించండి.

ఊరూరా ఉచితపు కప్పు

ఇంత తేయాకు పండించిన దేశంలో తాగేవారు మొదట తక్కువ. 1903లో తేయాకు సెస్సు చట్టం వచ్చింది. ఆ సొమ్ముతో నడిచిన కమిటీ, 1930లలో దాని స్థానంలో వచ్చిన మార్కెట్ విస్తరణ బోర్డు రైల్వే స్టేషన్లలో, సంతలలో, మిల్లులలో ఉచితంగా తేనీరు పోయించాయి. ఎలా కాచుకోవాలో దేశభాషలలో రాసిన ఎనామిల్ పలకలు తగిలించాయి. ఇది దేశమంతటికీ పంచిన మచ్చు. దీనిని వ్యతిరేకించిన పెద్దలు లేకపోలేదు. శాస్త్రవేత్త ప్రఫుల్లచంద్ర రాయ్ వ్యతిరేకించాడు, గాంధీజీ తన ఆరోగ్య రచనలలో తేనీరు అక్కరలేదన్నారు. అయినా జనం నాలుక గెలిచింది. 1930లలో అస్సాంలో వచ్చిన సి.టి.సి. యంత్రం వలన తక్కువ ఆకుతో ఎక్కువ రంగు దిగే గుళికల తేయాకు, పొడి తేయాకు చవకగా దొరికాయి. నేడు మన హోటళ్లలో పాలు, పంచదార కలిపి ఇచ్చే తేనీరు దాని సంతానమే.

మనం మచ్చులు పంచుకోవాలంటే

ఈ చరిత్ర తెలిసిన తరువాత, ఆరుగురు మిత్రులు కలిసి మచ్చుల మార్పిడి ప్రారంభించడం కష్టం కాదు. ఒకరు నిర్వాహకులుగా ఉండాలి. ప్రతి సభ్యుడు తనకు నచ్చిన ఒక తేయాకును 5 గ్రాముల పొట్లాలుగా ఐదు కట్టి నిర్వాహకునికి పంపాలి. అంటే 25 గ్రాములు. నిర్వాహకుడు పొట్లాలపై అంకెలు వేసి, ప్రతి ఒక్కరికీ మిగిలిన ఐదుగురి మచ్చులు ఒక్కొక్కటి చొప్పున పంపుతాడు. ఏ అంకె ఏ తేయాకుదో అందరి అభిప్రాయాలు చేరిన తరువాతనే వెల్లడిస్తాడు. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల దేశంలోని ప్రయోగశాలలకు గుర్తు తెలియని నమూనాలు పంపి ఫలితాలు సరిపోల్చే కార్యక్రమానికి ఇది బుల్లి రూపం. పేరు, ధర తెలియకపోతే నాలుక నిజం చెబుతుంది.

తేయాకు తేమను, వాసనను ఇట్టే పీల్చుకొంటుంది. అగరువత్తి, సబ్బు, మసాలా వాసన తగిలిన కవరు పనికిరాదు. వార్తాపత్రిక కాగితంలో కట్టకండి, అచ్చు సిరా ఆహారానికి తగలకూడదు. గాలి చొరని రేకు సంచి మేలు. రుచి చూసేటప్పుడు అందరూ ఒకే కొలత పాటించాలి. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 100 మిల్లీలీటర్ల మరిగిన నీటికి 2 గ్రాముల ఆకు, 6 నిమిషాలు మూతపెట్టి ఉంచాలి. మొదట పాలు, పంచదార లేకుండా రుచి చూడండి, ఆ తరువాత మీ ఇష్టం. పొట్లంలోని ఆకును తడిపిన వడపోత కాగితంపై కొంచెం చల్లి చూడండి. వెంటనే ముదురు రంగు మరకలు వ్యాపిస్తే కృత్రిమ రంగు ఉన్నదని అనుమానించాలి. అయస్కాంతం తిప్పితే ఇనుప రజను బయటపడుతుంది.

ఒక కఠిన నియమం, కొన్ని జాగ్రత్తలు

ఈ మార్పిడిలో తేయాకు తప్ప, ఎవరో ఇచ్చిన మూలికల పొడులు చేర్చకండి. కారణం చెబుతాను. 1990ల ఆరంభంలో బ్రసెల్స్ నగరంలో బరువు తగ్గడానికి వాడిన చైనా మూలికల మందులో ఒక మూలికకు బదులు పొరపాటున మరొకటి చేరింది. రెండవదానిలో అరిస్టోలోకిక్ ఆమ్లం ఉన్నది. ఎందరో స్త్రీల మూత్రపిండాలు శాశ్వతంగా దెబ్బతిన్నాయి. తప్పు పేరుతో వచ్చిన ఒక మూలిక చేసిన అనర్థమిది. ఉద్దానంలో మూత్రపిండ వ్యాధి ఇళ్లకు ఇళ్లను కుంగదీసిన మన జిల్లాలో దీనిని తేలికగా తీసుకోరాదు. మూత్రపిండ రోగులు రోజుకు ఎన్ని కప్పులు తాగవచ్చునో తమ వైద్యుని అడిగి తెలుసుకోవాలి.

భోజనంతోపాటు తేనీరు తాగితే ఆకుకూరలు, పప్పుల ద్వారా వచ్చే ఇనుము ఒంటికి సరిగా పట్టదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. కనుక భోజనానికి గంట ముందో, గంట తరువాతో తాగండి. ఇనుము మాత్రను తేనీటితో మింగకండి. గర్భిణులు కాఫీ, టీలు కలిపి రోజుకు 200 మిల్లీగ్రాముల కెఫీన్ దాటకూడదు. 65 డిగ్రీలకు మించిన వేడి పానీయాలు అన్నవాహిక క్యాన్సరుకు దారితీసే అవకాశం ఉన్నదని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో ప్రకటించింది. పొగలు కక్కే తేనీరు గడగడ తాగడం గొప్ప కాదు, రెండు నిమిషాలు ఆగండి. మధుమేహం ఉన్నవారు కప్పులో పంచదారను లెక్కలో వేసుకోవాలి.

ఈసారి మిత్రుల నుంచి అస్సాం తేయాకు మచ్చు మీ ఇంటికి వస్తే, పొట్లంపై తోట పేరు, కోసిన నెల, బరువు రాసి ఉన్నాయో లేదో చూడండి, లేకపోతే రాయమని అడగండి. ఆ ఆకును కోసినది మన పాలకొండ వైపు నుంచో, పార్వతీపురం వైపు నుంచో నాలుగు తరాల క్రితం రైలెక్కిన ఒక కుటుంబపు మనుమరాలు అయి ఉండవచ్చు. పొట్లంపై ఆమె పేరు ఉండదు. మనకైనా ఆ సంగతి గుర్తుండాలి.